కలిసొచ్చిన ఉయ్యాల

కొత్త మంచం చేయిస్తారు, కొత్త బీరువా కొంటారు. ఉయ్యాల మాత్రం పాతదే కావాలనేవారు. తాడేపల్లిగూడెం పల్లెల నుంచి ఏలూరు వీధుల దాకా, కొల్లేటి లంకల దాకా చేతులు మారుతూ తిరిగిన ఉయ్యాలల కథ ఇది.

కడుపుతో ఉన్న పిల్లను ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నాక పెద్దవాళ్లకు తగులుకునే పనుల్లో ఉయ్యాల వాకబు ఒకటి. పాత పంచెలు చింపి గుడ్డలు సిద్ధం చేయడం, కాయానికి మిరియాలూ పిప్పళ్లూ ఎండబెట్టడం ఇంట్లోనే అయిపోయేవి. ఉయ్యాల కోసం మాత్రం గడప దాటాలి. "మీ ఉయ్యాల ఖాళీగా ఉందా వదినా?" అని కబురు వెళ్లేది. ఉందంటే మంచిరోజు చూసి బండి కట్టేవారు. లేదంటే, "పెంటపాడు అక్కాయి ఇంట్లో ఉంది, వాళ్ల బాబుకి ఈ నెలతో అయిపోతుంది. కానీ దెందులూరు వాళ్లు ముందే చెప్పి ఉంచారే" అని జవాబొచ్చేది. అంటే వరస కట్టి ఉందన్నమాట.

అలా బయల్దేరిన ఉయ్యాల దెందులూరు వెళ్లి, అక్కణ్ణుంచి కైకలూరు వియ్యంకుల ఇంటికి, అక్కణ్ణుంచి ఆకివీడు వెళ్లి, సొంత ఇంటికి చేరేసరికి ఏళ్లు పట్టేది. మధ్యలో ఎవరి దగ్గరుందో తెలియక పేచీలూ వచ్చేవి. ఇచ్చేటప్పుడు ఉన్న మువ్వలు నాలుగు, వచ్చేటప్పటికి మూడు. ఆ ఒక్క మువ్వ గురించి మా ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు చాలాకాలం మాట్లాడుకోలేదట.

ఇదంతా లేమివల్ల అనుకుంటే పొరపాటు. పదెకరాల మాగాణి ఉన్న ఆసామి కూడా అరువు ఉయ్యాల కోసమే మనిషిని పంపేవాడు. వడ్రంగి ఊళ్లోనే ఉన్నాడు, కలప పెరట్లోనే ఉంది. అయినా కొత్త ఉయ్యాలంటే ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకునేవారు కాదు. "దాన్లో ఎవరు పెరిగారనీ?" అనేవారు. నలుగురు పిల్లలు పడుకుని, నలుగురూ బతికి బట్టకట్టిన ఉయ్యాల కావాలి. దాన్నే కలిసొచ్చిన ఉయ్యాల అనేవారు.

ఆ పట్టుదల వెనకున్న భయం మనకిప్పుడు సరిగ్గా అందదు. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ లెక్క 28కి దిగింది. 1971లోనే అంత ఉంటే, అంతకు ముందు రెండు తరాల ఇళ్లల్లో ఎలా ఉండి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ఏ ముసలమ్మను కదిపినా "ఎనిమిదిమంది పుడితే ఐదుగురు దక్కారు" అని, కూరగాయల లెక్క చెప్పినంత మామూలుగా చెబుతుంది.

పిల్లలు వరసగా పోతున్న ఇంట్లో ఆ తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి, పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, పొరుగింటావిడ చేత ఎత్తించేవారు. లేదా తవుడు పుచ్చుకుని బిడ్డను పొరుగువాళ్లకు అమ్మినట్టు తంతు జరిపించేవారు. మృత్యువు కన్నుపడని నాసిరకం సరుకు ఇది అని చెప్పడం. పెంటయ్య, కుప్పమ్మ, పుల్లయ్య, తవిటయ్య, బిచ్చమ్మ: ఓటర్ల జాబితాలో ఈ పేర్లు కనబడితే, ఆ పేరు వెనక దక్కకుండా పోయిన అన్నో అక్కో ఉండి ఉంటారని మా తరం దాకా అందరికీ తెలుసు. అలాంటి బిడ్డకు పక్క వెతికే తల్లి కొత్త టేకు నునుపు చూస్తుందా? దక్కిన పిల్లల వాసన ఉన్న చెక్క చూస్తుంది.

కాబట్టి ఉయ్యాలకు పాతబడటమే గొప్ప. రంగు పోయిన కొద్దీ, అంచులు అరిగిన కొద్దీ, పిల్లలు చప్పరించి పళ్లగాట్లు పెట్టిన కొద్దీ దాని గిరాకీ పెరిగేది. ఇంట్లో మరే వస్తువుకూ ఈ మర్యాద లేదు.

సీల తీస్తే కట్ట

మా ఇళ్ల మధ్య తిరిగిన ఉయ్యాల టేకుది. రెండు జానల వెడల్పు, నాలుగు జానల పొడుగు. నాలుగు మూలలా నాలుగు కోళ్లు, ఒక్కో కోడు నెత్తిన ఒక చిలక తల. అందులో ఒక చిలకకు ముక్కు లేదు. పక్కలకు తరిమెన పట్టిన కడ్డీలు. అడుగున మూడు బల్లలు, బల్లకీ బల్లకీ మధ్య వేలు దూరేంత సందు. ఆ సందు వడ్రంగి లోపం అని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. పక్క తడిసినప్పుడు నీళ్లు నిలవకుండా కిందికి పోవడానికని మా పెద్దత్త చెప్పింది. కింద ఇసుక పోసిన మూకుడు పెట్టేవారట.

ఆ ఉయ్యాల మొత్తంలో ఒక్క మేకు లేదు. ఒక చెక్క కొసను ఇంకో చెక్క బెజ్జంలోకి దించి, అడ్డంగా చెక్క సీల కొట్టి బిగించారు. సీలలు నాలుగూ ఊడదీస్తే ఉయ్యాల కాస్తా చాపలో చుట్టి చంకన పెట్టుకునే కట్ట అవుతుంది. ఎడ్లబండిలో గడ్డికింద పెట్టినా, తర్వాతి రోజుల్లో ఆర్టీసీ బస్సు టాపు మీద కట్టినా చెక్కుచెదరనిది అందుకే. దీన్ని చేసిన మనిషికి, ఇది ఒకే ఇంట్లో ఉండదని మొదటిరోజే తెలుసు.

కలప దారి కూడా చెప్పుకోదగ్గదే. గోదావరి ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని వెదుళ్లతో కలిపి తెప్పలు కట్టి, భద్రాచలం మీదుగా రాజమండ్రి దాకా నీళ్ల మీదే వదిలేవారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, ఏలూరు కాలువ పారాక, ఆ కలప పడవలెక్కి తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు వచ్చింది. మండువా లోగిళ్ల దూలాలు, పట్టెమంచాలు, పందిరి మంచాలు ఆ దారిన వచ్చినవే. దూలాలు కోయగా మిగిలిన ముక్కల్లోంచి ఉయ్యాల కోళ్లు తీసేవారు. టేకు అందనివాళ్లకు పనస ఉండేది. నూజివీడు వీణలకు వాడే కలప కూడా పనసే. పుచ్చు పట్టదు, ఆరేకొద్దీ తేలికవుతుంది, వయసు మీద తేనెరంగుకు తిరుగుతుంది. అంతకన్నా తక్కువలో కావాలంటే మేదర్లు అల్లిన వెదురు తొట్టి. అది ఒకరిద్దరు పిల్లలతో సరి.

ఉయ్యాల పైన వేలాడదీసే చిలకలు మాత్రం బయటి సరుకు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతుండగానే లక్క రంగు అద్ది చేసిన బొమ్మలు తీర్థాల్లో దొరికేవి. అక్కడి కళాకారులు గింజల నుంచి, పసుపు నుంచి తీసిన రంగులు ఇప్పటికీ వాడతారు. పిల్ల నోట్లో పెట్టుకునే వస్తువుకు ఇంతకు మించిన రంగు లేదు. ఉయ్యాల చెక్కకు పూసిన రంగు సంగతి వేరు. దాని గురించి తర్వాత చెబుతాను.

ఉయ్యాలకు సగం పని చెక్కది, సగం దూలానిది. మండువా ఇంట్లో దూలం నేల నుంచి పది పన్నెండు అడుగుల ఎత్తున ఉంటుంది. కమ్మరి చేసిన ఇనుప గొలుసులు, కలిగినవాళ్లయితే ఇత్తడివి, దూలానికి వేసిన కడియాల నుంచి దిగేవి. ఏళ్ల తరబడి కడియం ఒరుసుకుని దూలానికి గాడి పడేది. ఇల్లు పడగొట్టి పాత కలప అమ్ముతున్నప్పుడు ఆ గాడి చూసి వ్యాపారి ధర తగ్గిస్తాడు.

ఆ ఎత్తు వల్ల వచ్చిన లాభం ఒకటుంది. వేలాడే వస్తువు ఒకసారి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో తేల్చేది దాని బరువు కాదు, గొలుసు పొడుగు. ఎనిమిదడుగుల కింద వేలాడే ఉయ్యాల ఒక ఊపుకు మూడు సెకన్ల పైచిలుకు తీసుకుంటుంది. ఇప్పటి ఇనుప స్టాండు ఉయ్యాల, రెండడుగుల కింద వేలాడేది, ఒకటిన్నర సెకనులో వెళ్లి వచ్చేస్తుంది. పాత ఉయ్యాల తూగు నెమ్మది, కొత్తదాని తూగు గునుపు. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పద్దెనిమిది మంది పెద్దవాళ్లను రాత్రంతా ఊగే మంచం మీద పడుకోబెట్టి చూశారు. నాలుగు సెకన్లకో ఊపు. కదలని మంచం మీదికన్నా త్వరగా నిద్రపట్టింది, గాఢనిద్ర పెరిగింది, సాయంత్రం నేర్చుకున్న మాటల జతలు పొద్దున బాగా గుర్తున్నాయి. మండువా దూలం ఆ నాలుగు సెకన్లకు దగ్గర దాకా వెళ్లింది. ఆ దూలం ఎత్తు గాలి కోసం పెట్టుకున్నది. నిద్ర అందులో కలిసొచ్చింది.

తాడు రెండో కొస

ఇంటి ఆనవాయితీని బట్టి పదకొండో నాడో ఇరవయ్యొకటో నాడో బారసాల. ఉయ్యాలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, కొన్ని ఇళ్లల్లో బిడ్డకన్నా ముందు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపేవారు. రాయిలా గట్టిగా ఉండాలని. పేరంటాళ్లు తలో పాటా పాడేవారు. అన్నమయ్య జోలపాట ఒకటి ఖాయం. ఆ పైన రాముణ్ణో కృష్ణుణ్ణో ఊపే పాటలు, ఎవరింటి వరస వారిది. శనగలు పంచడంతో ముగింపు. ఉయ్యాల ఖాళీగా ఉన్నప్పుడు ఊపితే పెద్దల చేతిలో దెబ్బ పడేది. బిడ్డకు కడుపునొప్పి వస్తుందనేవారు. ఆడుకునే పిల్లలు గొలుసుల్లో వేళ్లు ఇరికించుకోకుండా ఆ నమ్మకం బాగానే పనిచేసింది.

ఫొటోలు లేని ఇళ్లల్లో ఆ ఉయ్యాలే వంశవృక్షం. ఎవరెప్పుడు పుట్టారో తారీఖులు ఎవరికీ తెలియవు, ఉయ్యాల ఎప్పుడు ఎవరి ఇంట్లో ఉందో మాత్రం తెలుసు. "గూడెంలో విమానాల మైదానం వేసినప్పుడు ఉయ్యాల మన ఇంట్లోనే ఉంది, అంటే నువ్వు పుట్టింది అప్పుడే" అని మా పెద్దత్త పుట్టుకను రెండో ప్రపంచయుద్ధానికి ముడిపెట్టారు. మా బాబాయి కూతురు ఉప్పెన ఏట, అంటే 1977లో. మేనత్త కొడుకు గోదావరి పొంగిన ఏట, 1986 ఆగస్టులో. చివరిగా దాన్లో పడుకున్నది కొల్లేట్లో చేపలచెరువుల గట్లు కొట్టేసిన ఏడు, 2006లో పుట్టిన పిల్ల.

ఇదంతా చెప్పుకోవడానికి బాగుంటుంది. ఉయ్యాలలో ఎవరు పడుకున్నారో అందరూ చెబుతారు. ఎవరు ఊపారో ఎవరూ చెప్పరు.

తల్లి పగలంతా పనిలో ఉండేది. దంపుడు, కడుగుడు, పశువుల కుడితి, పొలానికి క్యారేజీ. మధ్యలో వీలైనప్పుడు ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని పప్పు విసిరేది. మిగతా వేళంతా తాడు రెండో కొస ఒక ఆడపిల్ల చేతిలో ఉండేది. ఏడేళ్లదో ఎనిమిదేళ్లదో, ఆ ఇంటి పెద్దపిల్ల. మా పెద్దత్త మూడో తరగతితో ఆగిపోయింది. ఎందుకు మానేశావంటే, "తమ్ముడు పుట్టాడు" అంటుంది. ఆ తర్వాత ఇంకో తమ్ముడు, ఇంకో తమ్ముడు. ముగ్గుర్నీ తనే ఊపింది. ముగ్గురూ చదువుకున్నారు, ఇద్దరు ప్రభుత్వోద్యోగాలు చేసి పింఛను తీసుకుంటున్నారు. ఆవిడ బ్యాంకులో వేలిముద్ర వేయడానికి ఇష్టపడక, సంతకం వరకూ పట్టుబట్టి నేర్చుకుంది. పాత ఉయ్యాల ఫొటో చూసి అందరూ "ఎంత బాగుందో" అంటుంటే ఆవిడ మాత్రం కుడి అరచెయ్యి చూపిస్తుంది. తాడు ఒరుసుకున్న చోటు ఎండాకాలం బొబ్బలు కట్టేదట.

దూలం లేనిచోట

కొల్లేటి లంకల్లో టేకు ఉయ్యాల గురించి అడిగితే నవ్వుతారు. తాటి వాసాలు, రెల్లుకప్పు, మట్టిగోడ ఉన్న ఇంట్లో మోయగల ఉయ్యాల ఒకటే: చీరది. అదీ పాత నూలుచీర. కొత్తదానికి గంజి బిరుసు, సిల్కుకు జారుడు. ఎన్నో ఉతుకులకు మెత్తబడ్డ చీరను మడతపెట్టి, వాసానికి రెండు ముళ్లు వేసి, బిడ్డ తలకు ఎగువన గుడ్డ మూసుకుపోకుండా రెండు అంచుల మధ్య జానెడు కర్ర అడ్డం పెట్టేవారు. ఆ కర్ర పెట్టడం తెలిసినవాళ్ల పనితనం. గాలి ఆడేది దాని వల్లే.

చెక్క ఉయ్యాల ఇళ్ల మధ్య తిరిగితే, చీర ఉయ్యాల పనుల వెంట తిరిగింది. నాట్ల రోజుల్లో కాలవగట్టు తుమ్మచెట్టుకు, కోతల్లో ఎడ్లబండి నొగలకు, ఇటికబట్టీల దగ్గర కళ్లం పాకకు. వరికోతలయ్యాక డెల్టా పొలాల్లో రాలిన గింజల కోసం బాతుల మందల్ని తోలుకుంటూ ఊరూరూ తిరిగేవాళ్ల గుడారాల దగ్గర ఇప్పటికీ చూడవచ్చు: మూడు వెదుళ్లను పైన కలిపి కట్టి, నడుమ చీర. పొద్దున విప్పితే వెదుళ్లు గుడారానికి, చీర ఒంటికి. వస్తువంటూ ఏమీ మిగలదు. అందుకే ఏ పాతసామాన్ల దుకాణంలోనూ అది కనబడదు, ఏ మ్యూజియమూ దాన్ని దాచదు. కానీ ఈ జిల్లాల్లో పుట్టినవాళ్లలో ఎక్కువమంది పెరిగింది దాన్లోనే.

కొల్లేరు సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, లెక్కలేనన్ని మురుగుకాలువలు తెచ్చి పోసే నీళ్లన్నింటినీ సముద్రానికి మోయాల్సింది ఉప్పుటేరు ఒక్కటే. అది ఆలస్యం చేసిన ప్రతి ఏడూ లంకలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు, తర్వాత కొల్లేటికి చేరి పెదయడ్లగాడి దగ్గర రోడ్లెక్కింది. అలాంటప్పుడు ఇంట్లో ముందు తడిసేది నేలమీది పక్క. వాసానికి కట్టిన చీర ముడిని జానెడు పైకి జరుపుతూ, బిడ్డను నీళ్లకు అందకుండా ఉంచి, మిగతావాళ్లు గట్టు ఎక్కడానికి పడవ కోసం చూసేవారని పాతవాళ్లు చెబుతారు. దోమల సంగతికొస్తే, ఉయ్యాల కింద సాంబ్రాణి పొగ, పైన దోమతెర. ఏలూరు వైపు పుట్టినవాళ్లకు ఈ రెండూ పాలతో సమానం.

1999లో కొల్లేటిని ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ అభయారణ్యంలోని చేపలచెరువుల గట్లు కొట్టేశాక లంకల నుంచి కుటుంబాలు కూలిపనులకు వలసపోయాయి. వాళ్ల మూటల్లో ఒక పాత చీర ఉండే ఉంటుంది. పక్షుల లెక్కలు ఏటా తీస్తున్నారు. ఈ మూటల లెక్క ఎవరూ తీయలేదు.

ఉయ్యాల వెళ్లని ఇల్లు

మా ఉయ్యాల ఊరంతా తిరిగిందని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. ఊరంతా తిరగలేదు. చుట్టాల ఇళ్లకు, సాటి కులం ఇళ్లకు, మహా అయితే పక్కవీధికి వెళ్లింది. దళితుల పేటలోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ ఉయ్యాలలో పడుకున్న పాత తరం పిల్లలందరికీ బొడ్డుకోసిన మంత్రసాని పేట నుంచే వచ్చేది. పురిటిగదిలోకి రావచ్చు, బిడ్డను మొదట చేతుల్లోకి తీసుకోవచ్చు. బారసాల నాడు ఉయ్యాలను ముట్టుకోవడానికి మాత్రం ఆవిడకు పిలుపు లేదు. చాటెడు బియ్యం, ఒక చీర పెరటిగుమ్మంలో ఇచ్చేవారు. ఆవిడ మనవలకు కలిసొచ్చిన ఉయ్యాల కావాలని ఎవరికీ తోచలేదు, ఆవిడ అడగనూ లేదు. అడిగితే ఏమయ్యేదో మా ఇంట్లో ఎవరూ నోరువిప్పి చెప్పరు.

ఇది గుర్తుంచుకుంటే, ఇప్పటి ఫంక్షన్‌హాల్ ఉయ్యాలను నేను అంత తేలిగ్గా వెక్కిరించలేను. ఏలూరులోనైనా గూడెంలోనైనా డెకరేషన్ వాళ్ల దగ్గర థర్మోకోల్ హంసలు, ప్లాస్టిక్ పూలు, గులాబీరంగు లైట్లు చుట్టిన ఉయ్యాల ఒకటి ఉంటుంది. పొద్దున ఒక హాలు, సాయంత్రం ఇంకో హాలు. బిడ్డ అందులో ఉండేది ఫొటోలు తీసినంతసేపే, అదీ ఏడుస్తూ. చూడ్డానికి నాకు నచ్చదు. కానీ అద్దె కట్టిన ప్రతివాళ్ల ఇంటికీ అది వెళుతుంది. ఏ వీధి అని అడగదు.

మరి అసలు ఉయ్యాలలు ఏమయ్యాయంటే, కొన్ని అటకల మీద చెదలకు ఉన్నాయి. కొన్ని పాత కలప వ్యాపారుల చేతుల్లోంచి హైదరాబాదు ఇళ్లకూ రిసార్టులకూ వెళ్లి, మనీప్లాంటు కుండీలు మోస్తున్నాయి. దీనికి నేను పెద్దగా బాధపడను. ఒకప్పుడు బిడ్డ బతుకుకు పూచీ పడాల్సిన బరువు ఆ చెక్క మీద ఉండేది. ఇప్పుడు ఆ పూచీ టీకాలది, ఆసుపత్రిలో కాన్పుది. ఉయ్యాల కలిసొచ్చిందా లేదా అని ఎవరూ అడగనక్కర్లేదంటే, అంతకన్నా మంచి సంగతి ఏముంది? కుండీలు మోయనివ్వండి.

దించి వాడాలనుకుంటే

అయినా కొందరికి ముచ్చట తీరదు. తాతగారు పడుకున్న ఉయ్యాలలోనే మనవరాలు పడుకోవాలి. స్లాబు పోసేటప్పుడే ఉయ్యాల కోసం హాల్లో ఇనుప కొక్కెం వదిలిన ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఆ కోరిక తప్పేం కాదు. నాలుగు విషయాలు చూసుకోవాలి, అంతే.

మొదట కడ్డీల సందు. పాత వడ్రంగులకు కంటి లెక్కే గానీ కొలబద్ద లెక్క లేదు. అమెరికాలో పిల్లల మంచాల కడ్డీల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి సందు ఉండకూడదని 1970లలోనే నిబంధన పెట్టారు. ఒళ్లు దూరి తల ఇరుక్కుపోయిన పిల్లల వల్ల వచ్చిన నిబంధన అది. అక్కడ ఒకవైపు కిందికి జారే మంచాల అమ్మకాన్ని కూడా 2011 జూన్ నుంచి నిషేధించారు. మన ఉయ్యాలకు ఇంట్లోనే పరీక్ష ఉంది: మామూలు కూల్‌డ్రింక్ డబ్బా కడ్డీల మధ్యలోంచి దూరితే సందు ఎక్కువైనట్టే. మా ఉయ్యాలలో డబ్బా సుఖంగా దూరింది. గూడెంలో వడ్రంగి ప్రతి రెండు కడ్డీల మధ్య ఇంకో కడ్డీ దించాడు. పాత కడ్డీల నడుము వంపు కొత్తవాటికి రాలేదు. "అప్పటి తరిమెన వేరండీ" అన్నాడు.

రెండోది రంగు. పాత ఎనామిల్ రంగుల్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన పచ్చరంగు, ఎర్రరంగు పెచ్చులూడుతుంటే ఆ ఉయ్యాలను పిల్ల దగ్గరికి తేకూడదు. పళ్లొచ్చే పిల్లలు అంచు కొరుకుతారు. సీసం అంటే ఏలూరుకు వేరే వివరించనక్కర్లేదు. 2020 డిసెంబరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, కొందరి రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో కనబడింది. తర్వాత నిపుణుల వేలు పురుగుమందుల వైపు తిరిగింది గానీ, ఆ వారం రోజులు ఊళ్లో అందరి నోటా సీసమే. రంగు గీకించదలిస్తే పొడిగా గీకొద్దు, దుమ్ము లేస్తుంది. తడిపి, పిల్లలు లేని చోట, ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టుకుని చేయించాలి.

మూడోది పడుకోబెట్టే తీరు. ఆవాలదిండు, పక్కన మెత్తటి దిండ్లు, మీద బొంత: మన అమ్మమ్మల పద్ధతికి పిల్లల డాక్టర్లు ఒప్పుకోరు. గట్టి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలంటారు. బోర్లా పడుకోబెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లోనే చెప్పింది. ఆ ప్రచారం సాగాక అక్కడ నిద్రలోనే హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. కోడలి పురుడుకని విజిటర్ వీసా మీద ఆరునెలలకు డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే మన అత్తగార్లకు మొదటి పేచీ ఇక్కడే వస్తుంది. పెట్టెలో ఆవాలదిండు పెట్టుకుని వెళతారు, అది అలమరలోనే ఉండిపోతుంది. ఈ ఒక్క విషయంలో కోడలిదే గెలుపు, గెలవనివ్వాలి కూడా. చీర ఉయ్యాలలో ఇంకో చిక్కుంది. గుడ్డ లోతుగా జారితే గడ్డం ఛాతీకి ఆని చిన్నపిల్లలకు ఊపిరి సరిగ్గా ఆడదు. నిద్రపుచ్చడానికి ఊపండి, పట్టాక పక్క మీదికి మార్చండి. కాస్త పెద్దపిల్లలు చీర ఉయ్యాలలో గిరగిరా మెలితిప్పుకుంటూ ఆడి మెడకు బిగిసిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉంటాం. పని కాగానే ముడి విప్పేయాలి.

నాలుగోది కొక్కెం. హాల్లో ఫ్యాను కోసం వేసిన కొక్కెం నిలకడగా వేలాడే బరువుకు వేసింది. అటూ ఇటూ లాగే ఉయ్యాలకు మేస్త్రీని పిలిచి చూపించాకే కట్టాలి. గొలుసు లంకెల్ని ఒక్కొక్కటే పట్టి చూడాలి, సగం అరిగినది ఒక్కటున్నా మొత్తం మార్చాలి.

ఎప్పటిదాకా వాడాలో మాత్రం ఏ పుస్తకమూ చూడనక్కర్లేదు. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచడం మన ఆనవాయితీ. బోర్లాపడి చేతులమీద లేచే బిడ్డ, అంచు పట్టుకుని బయటికి దొర్లడానికి ఎన్నాళ్లో పట్టదు. బొబ్బట్లు చేసిన నాడే గొలుసులు విప్పి, సీలలు తీసి, చాపలో చుట్టేస్తే సరి. ఆ పూట బొబ్బట్లు తినడానికి వచ్చినవాళ్లలోనే దాని కోసం చూసేవాళ్లు ఒకరుంటారు.